వెయ్యి ఆంపియర్ల మీటరు మనకెందుకు? తక్కువ ధరలో క్లాంప్ మీటర్ కొనేముందు

కరెంటు సామాన్ల షాపుకెళ్లి క్లాంప్ మీటర్ (తీగను కోయకుండా, దవడల మధ్య పట్టుకుని అందులో పారే కరెంటును కొలిచే మీటరు) చూపించమంటే కౌంటర్ మీదకి వచ్చే మొదటి పీసుకి దాదాపు ఎప్పుడూ పెద్ద దవడలే ఉంటాయి. "వెయ్యి ఆంపియర్ల దాకా చూపిస్తుంది సార్, రేటు కూడా తక్కువే" అంటాడు షాపతను. వెయ్యి అన్న అంకె వినగానే మంచి బేరం దొరికిందనిపిస్తుంది.

కానీ మనం కొలిచేవి ఏమిటో ఒక్కసారి లెక్కేసుకోండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడుస్తున్నప్పుడు లాగేది సుమారు 7 ఆంపియర్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె 4 పైచిలుకు. ఫ్రిజ్ ఒక ఆంపియర్‌కి అటూ ఇటూ. పొలంలో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఫేజుకి 8, 9 ఆంపియర్లు. మామూలు ఇల్లు మొత్తం ఒకేసారి ఆన్ చేసినా 30, 40 దాటడం కష్టం. వెయ్యి ఆంపియర్లు పారే కేబుల్‌ని మనలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా పట్టుకోం.

అంటే మనం రోజూ కొలిచేదంతా ఆ మీటరు స్కేలులో అట్టడుగున ఉందన్నమాట. చవక మీటరు తప్పు చెప్పేది సరిగ్గా అక్కడే. అందుకే తక్కువ ధరలో కొనేవాళ్లు పెద్ద అంకెను పక్కన పెట్టి, చిన్న కరెంటు దగ్గర ఇది ఎంత నిజం చెబుతుందని అడగాలి. ఆ జవాబు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. లోపల మడతపెట్టిన కాగితంలో ఉంటుంది.

ఆ కాగితంలో ఏసీ కరెంట్ (అంటే ఇంటి లైన్లో వచ్చే, దిశ మారుతూ ఉండే కరెంటు) అన్న వరుస చూడండి. చవక మీటర్లలో దాదాపు ఇలా ఉంటుంది: రేంజి 200 ఆంపియర్లు, రిజల్యూషన్ (చూపించగల అతి చిన్న తేడా) 0.1 ఆంపియర్, కచ్చితత్వం ±(2.5% + 10 డిజిట్లు). రెండున్నర శాతమే కదా అనుకుంటాం. అసలు మెలిక ఆ వెనకున్న 10 డిజిట్లలో ఉంది. డిజిట్ అంటే డిస్‌ప్లేలో చివరి అంకె ఒక మెట్టు కదలడం. ఇక్కడ ఒక మెట్టు 0.1 ఆంపియర్, కాబట్టి పది మెట్లంటే 1 ఆంపియర్. శాతంతో సంబంధం లేకుండా, ప్రతి రీడింగులోనూ ఒక ఆంపియర్ దాకా తేడా ఉండొచ్చని కంపెనీయే ఒప్పుకుంటోంది. 150 ఆంపియర్ల కేబుల్ దగ్గర ఆ ఒక్క ఆంపియర్‌ని ఎవరూ పట్టించుకోరు. 0.8 ఆంపియర్ లాగే ఫ్రిజ్ దగ్గర మాత్రం అదే మీటరు సున్నా చూపించినా, 1.8 చూపించినా తన హామీ తప్పినట్టు కాదు. ఫ్రిజ్ ఎక్కువ కరెంటు తింటోందేమోనన్న అనుమానంతో కొన్న మీటరు ఆ అనుమానాన్నే తీర్చలేకపోతుంది.

ఇప్పుడు 2 ఆంపియర్ల రేంజి ఉండి, చివరి అంకె 0.001 ఆంపియర్ చూపించే చిన్న మీటరు తీసుకోండి. దాని మీద ±(3% + 10 డిజిట్లు) అని ఉందనుకుందాం. శాతం చూస్తే మొదటిదాని కంటే అధ్వాన్నం. కానీ 0.8 ఆంపియర్ దగ్గర మొత్తం తేడా 0.034 మాత్రమే వస్తుంది. శాతం చూసి కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఇందులో బ్రాండు పేరు కూడా పూర్తి జవాబు కాదు. ఫ్లూక్ 323 గట్టి మీటరు, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. అయినా దాని ఏసీ కరెంటు రేంజి 400 ఆంపియర్లు ఒక్కటే, రిజల్యూషన్ 0.1. అంతకంటే చాలా తక్కువకి దొరికే యూనీ-టీ యూటీ210ఈ అనే అరచేతి మీటరులో 2 ఆంపియర్ల రేంజి ఉంది, ఒక మిల్లీ ఆంపియర్ దాకా చూపిస్తుంది. మొదటిది ఫ్యాక్టరీ ప్యానెల్ దగ్గర రాజు. ఫ్రిజ్ దగ్గర రెండోదే మేలు.

ఇంట్లో ఇప్పటికే చవక మీటరు ఉంటే పారేయనక్కర్లేదు. ఒక ఉపాయం ఉంది. క్లాంప్ మీటరు నిజానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్. తీగలో కరెంటు పారినప్పుడు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని దవడల్లోని కోర్ పట్టుకుని లోపలి కాయిల్‌కి అందిస్తుంది. తీగ దవడల మధ్య నుంచి ఎన్నిసార్లు వెళితే క్షేత్రం అన్ని రెట్లు అవుతుంది. కాబట్టి సన్నని ఫేజు తీగను పది చుట్లు తిప్పి కొలిస్తే 0.8 కాస్తా 8.0 అవుతుంది. పదితో భాగిస్తే సరి, డిజిట్ల వల్ల వచ్చే తప్పు కూడా పదో వంతుకి దిగుతుంది.

దీనికోసం ఒక ఎక్స్‌టెన్షన్ తీగ ప్రత్యేకంగా తయారుచేసుకోండి. ప్లగ్‌ను సాకెట్ నుంచి తీసేసి, పైనున్న లావుపాటి తొడుగును మాత్రమే జానెడు పొడవున నిలువునా కోయాలి. లోపలి మూడు తీగల ఇన్సులేషన్‌కి కత్తి మొన కూడా తగలకూడదు. తగిలితే ఆ తీగ మార్చేయండి. లోపలి నుంచి ఫేజు తీగను బయటికి లాగి ఉంచుకుంటే దవడ దాన్నొక్కదాన్నే పట్టుకోగలదు. చుట్లు కూడా తిప్పాలనుకుంటే తొడుగు ఇంకాస్త పొడవున కోసి, ఫేజు తీగ స్థానంలో అదే మందం ఉన్న పొడుగు తీగ పెట్టించుకోవాలి.

ఒక్కదాన్నే అని ఎందుకంటున్నానంటే, కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు అదే. మొత్తం కేబుల్‌ని పట్టుకుంటారు. ఫేజులో వెళ్లే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు ఎదురెదురు కాబట్టి రెండు క్షేత్రాలూ కొట్టేసుకుని మీటరు సున్నా చూపిస్తుంది. కరెంటు లేదనుకుని తీగ మీద చెయ్యి వేస్తే ప్రాణం పోవచ్చు. బోరు మోటారుకి వెళ్లే చదును కేబుల్ కూడా అంతే. మూడు కోర్లూ (లోపలి తీగలూ) కలిపి పట్టుకుంటే సున్నా, విడదీసి ఒక్కో కోర్ పట్టుకుంటేనే రీడింగు.

స్టార్టర్ డబ్బా దగ్గర

పొలం మోటార్ల మాట వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. మన దగ్గర ఈ మీటరు నిజంగా డబ్బులు మిగిల్చేది బోరు దగ్గరే. మోటారు కాలిందంటే రీవైండింగ్ ఖర్చు ఒక్కటే కాదు. పైపులు లాగే కూలీ, మళ్లీ దింపే కూలీ, ఈలోపు ఎండిపోయే పైరు. కాలే ముందు చాలా మోటార్లు కరెంటు రూపంలో సూచన ఇస్తాయి. దాన్ని చదివే మీటరు ఉండాలి, అంతే.

నేమ్‌ప్లేటు మీద 9 ఆంపియర్లు అని ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటారు నడుస్తోందనుకుందాం. మూడు ఫేజులూ ఒక్కొక్కటిగా పట్టుకుంటే 8.6, 8.9, 10.4 వచ్చాయి. సగటు 9.3. సగటు నుంచి ఎక్కువ దూరంలో ఉన్నది 10.4, తేడా 1.1. దాన్ని సగటుతో భాగిస్తే దాదాపు 12 శాతం. ఇలాంటి మోటార్లకి ఈ తేడా 5 శాతం లోపు ఉంటే నిశ్చింత, 10 దాటిందంటే ఊరుకోకూడదు. ఎక్కువ లాగే ఆ ఒక్క వైండింగే ముందు వేడెక్కుతుంది.

ఇక తెలుసుకోవాల్సింది తప్పు మోటారుదా, లైనుదా అని. దీనికి పాత మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. మెయిన్ ఆపేసి, మోటారు నుంచి వచ్చే మూడు తీగలనీ స్టార్టర్‌లో ఒక్కో స్థానం ముందుకి జరుపుతారు. మూడింటినీ ఒకే వైపుకి జరిపితే మోటారు తిరిగే దిశ మారదు. మళ్లీ నడిపి కొలిస్తే, ఎక్కువ రీడింగు అదే మోటారు తీగతోపాటు కొత్త స్థానానికి వెళ్లిందంటే తప్పు మోటారులోనో, కేబుల్‌లోనో ఉంది. రీడింగు పాత లైను దగ్గరే ఆగిపోయిందంటే మోటారు మంచిదే, సప్లై తేడాగా ఉంది. లైన్‌మన్‌ని పిలవాల్సిన పనికి మోటారు పైకి లాగించడం ఎంత నష్టమో బోరున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లైనులో వోల్టేజీ ఒక్క శాతం అటూ ఇటూ అయినా మోటారు కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు కనిపించవచ్చు.

ఇందాకటి ఒక ఆంపియర్ తప్పు ఇక్కడ కొంప ముంచదా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఒకే మీటరుతో, ఒకే రేంజిలో, తీగను దవడల మధ్యలో ఒకేలా పెట్టి కొలిస్తే తప్పు చాలావరకు ఒకే వైపుకి వస్తుంది. కాబట్టి పోల్చడానికి చవక మీటరు కూడా బాగానే పనికొస్తుంది. మోటారు నేమ్‌ప్లేటు కంటే ఎక్కువ లాగుతోందా అని తేల్చడానికి మాత్రం పనికిరాదు. 40 ఆంపియర్ల రేంజి, 0.01 రిజల్యూషన్ ఉన్న మీటరు రెండు పనులూ చేస్తుంది. పొలం కోసమైతే నేను మొదట వెతికేది ఈ రేంజే.

ఇన్‌రష్ అనే బటన్ గురించి షాపులో గొప్పగా చెబుతారు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు లాగుతుంది, సెకనులో ఎక్కువ భాగం గడవకముందే దిగిపోతుంది. మామూలు డిస్‌ప్లే సెకనుకి రెండు మూడుసార్లే మారుతుంది కాబట్టి ఆ శిఖరం దానికి దొరకదు. దాన్ని పట్టేదే ఇన్‌రష్ బటన్. మోటారు మెకానిక్‌కి ఇన్‌రష్ కావాలి. మిగతావాళ్లు దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు.

ఏసీయా, డీసీయా

తక్కువ ధర మీటర్లలో పేరు వెనక దాగే పెద్ద తేడా ఇది. పైన చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతి మారుతూ ఉండే కరెంటుకే పనిచేస్తుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ ఒకే దిశలో పారుతుంది కాబట్టి దాని తీగను పట్టుకుంటే సున్నాయే. మీటరు మీద డీసీ వోల్టేజీ అని ఉంటుంది కాబట్టి డీసీ కరెంటు కూడా చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ డీసీ వోల్టేజీ రెండు ప్రోబ్‌లతో (మీటరుకి గుచ్చే మొనలున్న తీగలతో) కొలిచేది, దవడలతో కాదు. దవడలతో డీసీ కరెంటు కొలవాలంటే లోపల హాల్ సెన్సర్ ఉండాలి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ధర్మం మీద పనిచేసే చిన్న చిప్ అది. ధర పెరిగేది అక్కడే.

మీకు అది అవసరమా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అవసరమే అంటాను. కరెంటు పోయినప్పుడు 600 వాట్ల లోడు వేస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లకి పైనే పోతుంది. బ్యాటరీ ఎందుకు అరగంటకే చేతులెత్తేస్తోందో, ఛార్జింగ్ సరిగా ఎక్కుతోందో లేదో ఆ ఒక్క తీగ చెబుతుంది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలై, 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండటంతో మన ఊళ్లలో డాబాల మీద సోలార్ ప్యానెళ్లు పెరుగుతున్నాయి. వాటిలో ఒక స్ట్రింగు (వరుసగా కలిపిన ప్యానెళ్ల జట్టు) పక్కదానికంటే తక్కువ ఇస్తోందా అన్నది డీసీ క్లాంప్‌తో నిమిషంలో తెలుస్తుంది. తీగ విప్పాల్సిన పనే లేదు. విప్పకూడదు కూడా. ఎండలో నడుస్తున్న ప్యానెళ్ల కనెక్టర్ లాగితే డీసీ నిప్పు సాగుతుంది, ఏసీలా దానంతట అది ఆరదు.

డీసీ మీటరు వాడేవాళ్లు ఒక అలవాటు చేసుకోవాలి. కొలిచే ముందు దవడలు ఖాళీగా మూసి, కొలవబోయే చోటే, అదే వైపు తిప్పి పట్టుకుని జీరో బటన్ నొక్కాలి. కోర్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం, భూమి క్షేత్రం కలిసి ఖాళీ దవడలకే కొంత రీడింగు చూపిస్తాయి.

ట్రూ ఆర్‌ఎంఎస్, అంటే కరెంటు ఏ రూపంలో పారినా దాని అసలు విలువ చూపించే పద్ధతి గురించి క్లుప్తంగా చెప్తాను. మామూలు మీటరు కరెంటు సగటు తీసి 1.11తో హెచ్చించి చూపిస్తుంది. అలలాగా నున్నగా సాగే కరెంటుకి, అంటే ఇస్త్రీ పెట్టెకీ, నేరుగా నడిచే మోటారుకీ అది సరిపోతుంది. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ లైట్లు, ఛార్జర్లు కరెంటును ముక్కలుగా లాగుతాయి. వాటి దగ్గర ఆ లెక్క తప్పి రీడింగు 30, 40 శాతం దాకా తక్కువ రావచ్చు. తీగ వేడెక్కుతూ ఉంటుంది, మీటరేమో అంతా బాగానే ఉందంటుంది. ఇప్పుడు ఏ ఇల్లు చూసినా ఆ సామాన్లే కాబట్టి ట్రూ ఆర్‌ఎంఎస్‌కి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ప్రాణం సంగతి

ధర తగ్గించడానికి కంపెనీలు ముందు కోసేది భద్రత. డబ్బా మీద క్యాట్ 2, క్యాట్ 3 అని ఉంటుంది చూడండి, మీటరును లైనులో ఏ చోట క్షేమంగా వాడవచ్చో చెప్పే కేటగిరీ అది, ఐఈసీ 61010 అనే ప్రమాణం నుంచి వచ్చింది. లైను మీద పిడుగు ప్రభావం వల్లో, పెద్ద లోడు ఆన్ ఆఫ్ అయినప్పుడో క్షణకాలం వేల వోల్టులు ఎగుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎంత దగ్గరైతే ఆ దెబ్బ అంత బలంగా ఉంటుంది. ప్లగ్ సాకెట్‌కి క్యాట్ 2 చాలు. డిస్ట్రిబ్యూషన్ బోర్డుకీ, స్టార్టర్‌కీ క్యాట్ 3 కావాలి. సర్వీసు వైరు, కరెంటు మీటరు దగ్గర క్యాట్ 4. క్యాట్ 2లో 600 వోల్టుల మీటరు 4,000 వోల్టుల దెబ్బ తట్టుకోవాలి. క్యాట్ 3లో అదే 600 వోల్టులకి 6,000. రెంటి మీదా 600 అనే ఉంటుంది, కాబట్టి ముందున్న క్యాట్ అంకె చూడకుండా కొనకండి.

ఇందాక మెచ్చుకున్న యూటీ210ఈ బలహీనత ఇక్కడే. అది క్యాట్ 2లో 600, క్యాట్ 3లో 300 వోల్టుల మీటరు. ఇంటి సింగిల్ ఫేజ్‌కి ఇబ్బంది లేదు. స్టార్టర్ దగ్గర రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి, అక్కడ దాని ప్రోబ్‌లు పెట్టకూడదు. పైగా దవడ 17 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది, లావు కేబుల్ పట్టదు. పొలానికైతే క్యాట్ 3, 600 వోల్టుల మీటరే తీసుకోండి.

క్యాట్ 3 అని ముద్ర వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కాబట్టి ముద్రతో ఆగకుండా చేతిలోకి తీసుకుని చూడాలి. దవడల కింద వేళ్లు పైకి జారకుండా ఆపే అంచు ఉందా? ప్రోబ్‌ల మీద కూడా అలాంటి అంచు ఉందా? మీటరులో గుచ్చే పిన్నులకి చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉందా? వైరు పుల్లలా ఉందా, రబ్బరులా మెత్తగా ఉందా? ఇవన్నీ కంటికి కనిపించేవే.

ఒక విషయంలో మాత్రం క్లాంప్ మీటరు చవక మల్టీమీటరు కంటే నిజంగా క్షేమం. మల్టీమీటరుతో కరెంటు కొలవాలంటే సర్క్యూట్ విప్పి మీటరును మధ్యలో పెట్టాలి. ఆ తర్వాత ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలోనే మరచిపోయి ప్లగ్‌లో పెడితే నేరుగా షార్టే. మీటరు చేతిలో పేలవచ్చు. కరెంటును దవడలతోనే కొలిచే మీటరుకి ఆ రంధ్రమే ఉండదు.

ఇంకో ప్రమాదం దొంగ వోల్టేజీ. స్విచ్ ఆపిన తీగలో మీటరు 60, 90 వోల్టులు చూపిస్తే కంగారు పడతాం. పక్కనే ఆనుకుని పోతున్న ఫేజు తీగ నుంచి వచ్చే ప్రభావం అది, చిన్న లోడు పెట్టగానే మాయమవుతుంది. స్విచ్ ఆపినా కొన్ని ఎల్‌ఈడీ బల్బులు మినుకుమినుకుమనడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. దొంగ వోల్టేజీ అలవాటైపోయి నిజమైన వోల్టేజీని కూడా అలాగే కొట్టిపారేయడం అన్నిటికంటే ప్రమాదం. తాకకుండానే బీప్‌మనే ఎన్‌సీవీ దీపాన్ని నమ్మి తీగ ముట్టుకోవద్దు. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్లో మీటరు పరీక్షించి, తర్వాత అసలు తీగ చూసి, మళ్లీ మొదటి సాకెట్లో పరీక్షించాలి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయి ఉంటే ఆ మూడో పరీక్షలోనే బయటపడుతుంది.

కొనేటప్పుడు

ఎక్స్‌టెన్షన్ తీగను షాపుకే తీసుకెళ్లండి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి ఫేజు తీగను పట్టుకుంటే 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లు రావాలి. వోల్టేజీ 220 ఉంటే 4.2కి దిగుతుంది. పెట్టెలో కూడా కొంచెం తేడా ఉంటుంది కాబట్టి అరకొర తేడాలు వదిలేయండి, 3 గానీ 5.5 గానీ వస్తే మీటరు పక్కన పెట్టించండి. తీగను దవడల మధ్య నుంచి అంచుకి జరిపి చూడండి. రీడింగు బాగా ఊగితే దవడలు బాగా కలవడం లేదు. ఇంట్లో వాడేటప్పుడు కూడా దవడల కొనలు దుమ్ము లేకుండా తుడుస్తూ ఉండాలి. సన్నటి ఇసుక రేణువు అడ్డుపడినా రీడింగు తగ్గుతుంది.

ఇంటికి, ఇన్వర్టర్‌కి, సోలార్‌కి అయితే చిన్న దవడల ఏసీ డీసీ ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు. పొలానికి, చిన్న వర్క్‌షాపుకి క్యాట్ 3, 600 వోల్టులు, 40 ఆంపియర్ల రేంజి ఉన్న ఏసీ మీటరు, డీసీ లేకపోయినా ఫర్వాలేదు. రోజూ బోర్డులు విప్పే ఎలక్ట్రీషియన్ మాత్రం ఇంకొంత కూడబెట్టుకుని, భద్రత పరీక్షలు నిజంగా చేయించే పేరున్న కంపెనీ మీటరే కొనాలి. అతని చెయ్యి రోజుకి పదిసార్లు లోపలికి వెళుతుంది.

బోరు ఉన్నవాళ్లు మీటరు కొన్న రోజే ఒక పని చేయండి. మోటారు నడుస్తుండగా మూడు ఫేజుల రీడింగులూ, వోల్టేజీ, తేదీ స్టార్టర్ డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసిపెట్టండి. వచ్చే ఎండాకాలం అదే మీటరుతో మళ్లీ కొలిచి కింద రాయండి. వోల్టేజీ అంతే ఉండి మూడు ఫేజులూ కలిసి తగ్గితే బోరులో నీళ్లు దిగిపోతున్నాయేమో చూసుకోవాలి. ఒక్క ఫేజే పెరిగితే తీగలు జరిపి చూడాల్సిన పని పడింది.